మెట్లు లేని దారి

"దువ్వెన కనపడటం లేదు మామ్మా," అంది నందిని, సర్దిన సంచిని మళ్ళీ కెలుకుతూ.

"నేనే తీసి పక్కన పెట్టా." శేషమ్మ పచ్చడి సీసా మూతకు గుడ్డ చుడుతోంది. "ఎటన్నా పొయ్యేటప్పుడు ఏదో ఒకటి ఇంట్లో ఉంచిపోవాల. ఉంచిపోయినోళ్ళు ఎనక్కొస్తారు."

వాదించే ఓపిక లేక నందిని మంచం మీద కూలబడింది. రోడ్డు వెడల్పు చేసే కంపెనీలో ఆమె ఇంజినీరు. సర్వే కోసం వచ్చి, గురజాల దాటాక ఉన్న ఈ ఊళ్ళో, శేషమ్మ ఇంటి ముందు గదిలో అద్దెకు దిగింది. తెల్లవారకముందే పోవడం, చీకటి పడ్డాక వచ్చి పడుకోవడం. రెండేళ్ళుగా ఆమె బతుకు ఇలాంటి గదుల్లోనే, సగం విప్పిన సంచుల్లోనే గడిచిపోతోంది. ఇవాళ గుంటూరు ఆఫీసులో మీటింగు. ఆ తర్వాత ఇంకో ఊరు, ఇంకో గది.

సంచి పక్కన చుట్టి పెట్టిన డ్రాయింగు వైపు శేషమ్మ బెదురుగా చూసింది.

"దాంట్లో మన వాగు కాడ దారి ఉందా, కొట్టేశారా?"

అడుగుతుందని నందినికి తెలుసు. కొత్త రోడ్డు కట్ట ఇంటి కప్పంత ఎత్తు లేస్తోంది. ఊరు ఒక పక్క మిగిలిపోతుంది. పొలాలూ, కృష్ణ ఒడ్డుకు పోయే బాటా రెండో పక్కకు పోతాయి. మొదటి ప్లానులో కట్ట కింద నుంచి మనుషులకూ గొడ్లకూ దారి ఉంది. ఖర్చు పెరిగిందని పైవాళ్ళు దాన్ని తీసేయమన్నారు.

"వాల్యూ ఇంజినీరింగ్ అంటారు మామ్మా. కట్టే ప్రతిదాన్నీ, నువ్వు చేసే పనేంటి, ఆ పని తక్కువ ఖర్చులో ఇంకోలా జరగదా అని అడగాలి. కింద దారి బదులు పైన వంతెన వేస్తాం. మెట్లెక్కి దాటొచ్చు."

"మీ తాత ఎక్కలేడు. మోకాళ్ళు రెండూ పోయినయ్."

"కొంచెం దూరం నడిస్తే రోడ్డు మధ్యలో దాటడానికి సందు కూడా వదుల్తారు."

"ఎవురు, ఆయనా? ఎదురుగా ఇల్లు కనపడతా ఉంటే చుట్టు తిరిగొస్తాడా? కట్టెక్కి అడ్డం పడొస్తాడు. చానా మొండోడు. చుట్ట మానమంటేనే మానలేదు, నీ సందు కోసం నడుస్తాడా?" శేషమ్మ గుడ్డకు గట్టిగా ముడేసింది. "ఆ లారీలు చూస్తివిగా."

"పోనీ నేనే తాతతో మాట్లాడేదాన్ని. ఒక్కసారన్నా కనపడితేగా."

"నువ్వు ఇంటి పట్టున ఉంటే గదా."

అదీ నిజమే. నందిని చూసినవి శేషమ్మ భర్త వెంకట్రామయ్య వస్తువులే. దండెం మీద ఉతికిన పంచె. వంటింట్లో మూతపెట్టిన అన్నం పళ్ళెం. మిరపకాయల కల్లాల రోజులు, కాపలాకు పొలంలోనే పడుకుంటున్నాడేమో అనుకుంది. గుమ్మం పక్కన ఆయన తోలు చెప్పులు మాత్రం ఎప్పుడూ అక్కడే ఉంటాయి.

"తాత చెప్పులు లేకుండానే తిరుగుతాడా?"

"ఉంచిపోయాడు," అంది శేషమ్మ, వంగి వాటిని పైటకొంగుతో తుడుస్తూ. తర్వాత నందిని చెయ్యి పట్టుకుంది. "అమ్మాయ్, నాకేం వద్దు. వచ్చే మనిషికి దారి లేకుండా మాత్రం చెయ్యమాక."

బస్సు పిడుగురాళ్ళ సున్నం బట్టీల పొగలో ఆగినప్పుడు నందిని డ్రాయింగు విప్పింది. ఈ మధ్య తన పనంతా కొట్టివేతే అయిపోయింది. ఒక ఊళ్ళో బస్ షెల్టరు, ఇంకో ఊళ్ళో కాలవ. ఆ వాగు దగ్గర నీళ్ళు పోవడానికి ఒక కల్వర్టు ఉంది. దారి దాని పక్కనే విడిగా గీశారు. రెండు తవ్వకాలు, రెండు పునాదులు. నందిని పెన్సిలు తీసింది. కల్వర్టునే కాస్త వెడల్పు చేసి మధ్యలో గోడ పెడితే? ఒక గదిలో నీళ్ళు, నేల ఎత్తు చేసిన రెండో గదిలో మనుషులు.

మీటింగులో చీఫ్ ఇంజినీరు శ్రీనివాసరావు ఆ గీతలు చాలాసేపు చూశాడు.

"బాగానే ఉందమ్మా. కానీ మెట్ల వంతెన దీనికంటే చవక గదా?"

"ఎక్కలేని వాళ్ళు దాన్ని వాడరు సార్. అడ్డం పడి రోడ్డు దాటుతారు. వాడని వంతెన ఎంత చవకైనా దండగే."

"ఎవరా ఎక్కలేని వాళ్ళు? పైవాళ్ళు నన్నడుగుతారు."

"నేనున్న ఇంట్లోనే ఒకాయన ఉన్నారు సార్. వెంకట్రామయ్య గారని. మోకాళ్ళు పోయాయి. పొలం నుంచి ఆ దారినే ఇంటికి రావాలి."

"నువ్వు మాట్లాడావా ఆయనతో?"

"మాట్లాడినట్టే సార్. ఆయన సంగతంతా తెలుసు."

శ్రీనివాసరావు కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకున్నాడు. "మా నాన్నా అంతే. చివరికి అరుగు కూడా ఎక్కలేకపోయాడు." డ్రాయింగు మీద సంతకం పెట్టి పక్కకు జరిపాడు.

సాయంత్రం నందిని, శేషమ్మకు ఫోను లేదు గనక, పక్కింటి జరీనాకు చేసింది.

"జరీనక్కా, మామ్మకు చెప్పు. దారి ఉంటుంది. మెట్లు లేవు. తాత నేరుగా నడిచి ఇంటికి రావచ్చు."

అవతల జరీనా గొంతు తగ్గించింది.

"చెప్తాలేమ్మా. అన్నం మూతపెట్టి వాగు కాడికి పోయింది. రోజూ ఈ యాళకి అక్కడే కూర్చుంటది. నీ దువ్వెన కూడా ఆ చెప్పుల పక్కనే పెట్టుకుంది."

వెంకట్రామయ్య 2016 కృష్ణా పుష్కరాలకు పోయి తిరిగి రాలేదు.