చందనం కింద నంబరు

"ఆ చందనం కొంచెం తుడు నాయనా. కింద బండి నంబరుంటాది. ఓపాలి సూసుకో."

ముసలాయన అన్న ఆ ఒక్క మాటకే గవర్రాజుకు ఒళ్లు మండింది.

మండదా మరి? సింహాచలం కొండ మొదటిమెట్టు తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టించి, ఎర్రని స్పోర్ట్స్ కారు బానెట్ ఎత్తించాడు. అమ్మే మనిషి చూపించిన ఛాసిస్ నంబరు రేకు మీద పూజారి దిట్టంగా చందనం పూసి, కుంకుమ పెట్టి, ఇంకా చెయ్యి కూడా కడుక్కోలేదు. అంతలో దారినపోయే దానయ్య ఎవరో వచ్చి తుడవమంటున్నాడు!

"ఏటి తాతా, మతుండే మాటాడతన్నావా? అప్పన్న చందనం ఎవులైనా తుడిసేత్తారా?"

"అప్పన్నకైనా ఏడాదికోపాలి ఒలుత్తారు బాబూ."

గవర్రాజు బానెట్‌కు అడ్డంగా వెళ్లి నిలబడ్డాడు. జవాబు లేనప్పుడే మనిషికి కోపం ఎక్కువొస్తుంది.

అతని బతుకంతా ఆ కారు మీదే ఉంది. పోర్టు గేటు దగ్గర పాత టాక్సీ తోలి తోలి నడుం పడిపోయింది. మద్రాసు సినిమావాళ్లు భీమిలి రోడ్డులో పాటలు తీయడానికి వచ్చినప్పుడల్లా, హీరో తోలే రెండు సీట్ల కారును అక్కడి నుంచే లారీలో తెచ్చుకోవడం చూశాడు. ఇక్కడే ఒకటుంటే అద్దెకు అడగనివాడెవడు? ఆ పురుగు బుర్రను తొలిచేసింది. టాక్సీ అమ్మేశాడు. భార్య వరహాలమ్మకు తండ్రి రాసిచ్చిన సబ్బవరం జీడితోట కూడా అమ్మించేశాడు.

"మావా, ఆ తోట పోతే మన గుంటలకి గంజికి కూడా ఆదారముండదు" అని ఆమె మొత్తుకుంది.

"నాను సూసుకుంతాను గదా" అన్నాడు.

కొత్త స్టీల్ ప్లాంటు పనులు మొదలై, ఊరి నిండా కొత్త మొహాలు దిగుతున్న రోజులవి. కారు అమ్మే కామేష్ కూడా అలా దిగినవాడే. ఖరీదైన చొక్కా, నల్లకళ్లద్దాలు, తేనెలాంటి మాట. గవర్రాజుకు అంతకన్నా ఏం కావాలి?

ముసలాయన ఇంకా కదల్లేదు.

"బండి పుస్తకంలో నంబరు, ఈ రేకు మీద నంబరు ఒకటో కాదో సూడు. ఒకటైతే నన్ను సెప్పుతో కొట్టు."

గవర్రాజు కామేష్ వైపు చూశాడు.

"ఆర్టీవో ఆఫీసులో ఇవ్వాల్సిన అచ్చు నేనే తీసిచ్చాను కదండీ" అన్నాడు కామేష్, మరోవైపు తిరిగి. "కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే నంబరు పడిందా లేదా? ఇంకేం చూస్తారు?"

నిజమే. అచ్చు తన జేబులోనే ఉంది. పుస్తకంలో నంబరుతో పొల్లు పోకుండా సరిపోయింది. అది ఈ రేకు మీద తీసిన అచ్చేనా అన్న ఊహ మాత్రం గవర్రాజుకు రాలేదు.

"నిన్నెవుడు పంపినాడు తాతా? కమీసన్ దొరకని బ్రోకరుగాడెవుడైనా ఉసిగొలిపినాడా?"

"ఎవుడూ పంపలేదు. నీకూ పిల్లలుంతారని సెప్తన్నాను."

అంటూనే భుజం మీది తువ్వాలు తీసి తనే తుడవబోయాడు. గవర్రాజు అతని రెక్క పట్టుకుని ఒక్క తోపు తోశాడు. ముసలాయన వెళ్లి రాతిమెట్టు మీద పడ్డాడు. మోచెయ్యి చీరుకుపోయి రక్తం వచ్చింది.

కామేష్ గబుక్కున ఒక అడుగు ముందుకేసి ఆగిపోయాడు. పాపం, మెత్తని మనిషి, అనుకున్నాడు గవర్రాజు.

ముసలాయన నెమ్మదిగా లేచాడు. తువ్వాలు మోచేతికి చుట్టుకుంటూ కామేష్‌తో అన్నాడు.

"ఎండలో నిలబడకు బాబూ. నీకు ఎండ పడదు."

పిచ్చి ముదిరిందని గవర్రాజు పకపకా నవ్వాడు. కామేష్ తల వంచుకుని నీడలోకి జరిగాడు.

ఆ వారం తిరక్కుండానే గవర్రాజు ఇంటి ముందు పోలీసు జీపు ఆగింది. తడిగుడ్డతో ఒక్క తుడుపు, అంతే. రేకు నిజరూపం బయటపడింది. పుస్తకంలో ఉన్నదొక నంబరు, రేకు మీదున్నది ఇంకొకటి. కాగితాలేమో ఎక్కడో గుద్దుకుని తుక్కైపోయిన కారువి. ఈ కారేమో మద్రాసులో దొంగిలించింది.

కారు పట్టుకుపోయారు. కామేష్ దొరికాడు. డబ్బు అప్పటికే పేకాటలో హారతి కర్పూరమైపోయింది.

వరహాలమ్మ పొద్దున్నే లేచి, నిన్నటిదాకా తనదైన తోటలోకే జీడిపిక్కలు ఏరడానికి కూలికి వెళ్లింది.

వాయిదా రోజున కోర్టు వరండాలో కామేష్ కనిపించాడు. గోడవార కూర్చున్నాడు. చేతులకు సంకెళ్లు, నున్నటి గుండు.

"ఏ కొండకి మొక్కు తీర్సుకున్నావురా? నా కొంప ముంచినందుకా?" అని గవర్రాజు మీదికెళ్లాడు.

కానిస్టేబుల్ జగ్గయ్య అడ్డం వచ్చాడు. పోర్టు గేటు దగ్గర పాత పరిచయం.

"ఒగ్గీ బావ. ఆణ్ణి కొడితే నీ తోట తిరిగొత్తాదా?"

గవర్రాజు ఉసూరుమని కూలబడ్డాడు.

"ఓ మాట సెప్పు బావ. ఈడి మీద రిపోర్టిచ్చిందెవరు?"

"ఎలమంచిలి ముసిలాయనొకడు. మోసేతికి కట్టుతో వచ్చినాడు. ఈడు ఏ లాడ్జీలో ఉన్నాడో ఆయనే ఎంటొచ్చి సూపించినాడు."

గవర్రాజుకు రాతిమెట్టు మీద పడ్డ ముసలాయన గుర్తొచ్చాడు. ఆ చెయ్యి విరిచినంత పని చేసింది తనే.

"ఎలమంచిలిలో ఎక్కడ? ఇప్పుడే ఎల్లి ఆయన కాళ్లట్టుకుంతాను."

జగ్గయ్య ఒకసారి కామేష్ గుండు వైపు చూసి, గొంతు తగ్గించాడు.

"ఇంకెక్కడి కాళ్లు బావ? ఈడికి సంకెళ్లేసిన కాడ్నుంచి ముద్ద ముట్టకుండా పోయినాడు. మొన్న నానే ఈణ్ణి ఎలమంచిలి తీసుకెళ్లి, సంకెళ్లిప్పి, తలకొరివి ఎట్టించి తెచ్చినాను. ఆయనకి ఈడొక్కడే కొడుకు."