కొంగున ముడి

సంత రోజొచ్చిందంటే కాంపౌండరు అప్పలనరసింహానిది కాలుగాలిన పిల్లి బతుకే.

నర్సీపట్నం సంతకి దిగిన మన్యం జనం మధ్యాహ్నం బస్సులోపే ఆస్పత్రి పనీ చూసుకుపోవాలి. పైగా అది పంతొమ్మిదొందల డెబ్బయి ఆరు, చలిజ్వరాలు కొండల్ని ఊపేస్తున్న కాలం.

లోపల డాక్టరుగారు చీటీ రాస్తారు. కిటికీ దగ్గర ఇతను మాత్రలు పొట్లం కట్టి ఇస్తాడు.

"పూటకొకటి. తిన్నాక వెయ్యాలి. తర్వాతెవరు?"

అంతే. ఇంకో మాట మాట్లాడితే క్యూ వీధిలోకి పోతుంది.

ఆ హడావుడిలో ఓ కొండ ముసలమ్మ దాపురించింది.

గేటు పక్కన గొంతుక్కూర్చుని, పొట్లంతో బయటికొచ్చిన ప్రతివాణ్ణీ ఆపేది.

"ఏటి సెప్పారు? ఒకపాలి నాకు సెప్పు."

వాళ్లు నీళ్లు నమిలేవారు.

"ఎల్లి మల్లీ అడుగు."

వాళ్లు మళ్లీ కిటికీకి తగులుకునేవారు.

"గంజి తాగి ఎయ్యొచ్చా బాబూ?"

"తిన్నాక అన్నాను కదా. చెవుల్లో దూది పెట్టుకున్నావా?"

ఓ సంతనాడు ఇతనికి ఒళ్లు మండి బయటికొచ్చాడు.

"ఏటే, నీకేటి జబ్బు?"

"నాకేటీ నేదు బాబూ."

"మరెందుకు సంతసంతకీ ఇక్కడ తగలడతావు?"

ముసలమ్మ కొంగు చివర ముడిని గుప్పిట్లో దాచుకుంది. అది ఇతని కంట పడనే పడింది.

ఓహో, ఇదా సంగతి అనుకున్నాడు. మా రోగుల్ని తికమకపెట్టి నాటుమందులు అంటగడుతోందన్నమాట.

రెక్క పట్టుకుని లేపాడు.

అప్పుడే భీమన్న అనే కొండ మనిషి మాత్రల పొట్లం పుచ్చుకుని, కూతుర్ని భుజానేసుకుని గేటు దాటుతున్నాడు. గుంట ఒళ్లు పెనంలా కాలిపోతోంది.

"ఆడికొక్క మాట సెప్పనీ బాబూ. ఆడిది మా ఊరు కాదు, మల్లీ కనబడడు."

"నీ మాటలు చాలు. ఇంకోసారి ఇక్కడ కనిపిస్తే పోలీసులకి అప్పగిస్తా."

ముసలమ్మని బస్సెక్కించి గాని వెనక్కి రాలేదు.

పై సంతకి భీమన్న మళ్లీ వచ్చాడు. భుజం మీద గుంట తోటకూర కాడలా వేలాడుతోంది. చేతిలో పొట్లం కట్టింది కట్టినట్టే ఉంది.

"మాత్రలు వెయ్యలేదేం?"

"తిన్నాకే ఎయ్యమన్నారు కద బాబూ. జొరమొస్తే మేం లంకణం కట్టిస్తాం. దానికి తిండే పెట్టనేదు, మాత్రెలా ఎయ్యడం?"

అప్పలనరసింహం గుంటని అందుకుని లోపలికి పరిగెత్తాడు.

డాక్టరుగారు సూదులు పొడిచి, సెలైన్ ఎక్కించారు. గుంట బతుకుతుందో లేదో తెలీక ఇతను కిటికీకీ మంచానికీ మధ్య తిరుగుతూనే ఉన్నాడు. సాయంత్రానికి అది కళ్లు తెరిచి గంజి అడిగింది.

అయినా మనసు కుదుటపడలేదు. ఆ ముసలమ్మ జనాన్ని వెనక్కి తోలింది ఈ లంకణం మాట కోసమే. తను రెక్క పట్టుకుని గెంటాడు. తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోయినట్టుంది.

ఆ పై సంతకి కిటికీ వదిలేసి, తనే బస్సు దగ్గరకెళ్లి నిలబడ్డాడు. గేటు దగ్గర కాదు, కిటికీ పక్కనే బల్ల వేయించాడు ఆమె కోసం.

అందరూ దిగారు. ఆమె దిగలేదు.

కట్టెల మోపు దింపుకుంటున్న ఓ ఆడమనిషిని, ఆ ముసలమ్మ ఏదని అడిగాడు. ఆమె పేరు దేవుడమ్మ.

"కొండలమ్మా? మా ఊరిదే. మీరు రావద్దన్నారంట కద, ఇంక కొండ దిగనంది."

"నే కబురెట్టానని చెప్పమ్మా. బేగి రమ్మను. ఆ నాటుమందులు అమ్ముకున్నా ఏమీ అనను."

"నాటుమందులేటి బాబూ?"

"అదే, కొంగున ముడేసుకుని తిరుగుతుంది కదా."

దేవుడమ్మ అతని మొహంలోకి చూసింది.

"అయి మీరిచ్చిన మాత్రలే బాబూ. నిరుడు కొడుక్కి జొరమొస్తే, లంకణం దించాక ఎయ్యాలని ముడేసింది, ఆడు పోనాడు, ఆ ముడి ఇంకా ఇప్పనేదు."