నచ్చని సోఫాలు

“ఏమో నాయనా, ఇదీ ఏమంత గొప్పగా లేదు,” అంది పెద్దావిడ, అయిదో సోఫాలో వెనక్కి వాలుతూ.

ఇవాళ ఒక్క సోఫా అయినా అమ్మకపోతే రేపట్నుంచి పనిలోకి రానక్కర్లేదని పొద్దున్నే ఓనరు సేల్స్‌మన్‌కి తేల్చి చెప్పేశాడు.

“అసలు సిసలు తోలు, పిన్నిగారూ! చెయ్యి వేసి చూడండి.”

“చేతికి బానే ఉంది. నడుముకే ఆనట్లేదు.”

“పోనీ, ఇది చూడండి. మీట నొక్కితే కాళ్లు చాపుకోవచ్చు.”

ఆవిడ మీట నొక్కింది. కాళ్లు చాపుకుని పావుగంట కళ్లు మూసుకుంది. “ఊఁ... కూర్చున్నట్టూ లేదు, పడుకున్నట్టూ లేదు. ఏవండీ, మీరేమంటారు?”

పక్క సోఫాలో పేపరు చదువుతున్న భర్త తలెత్తకుండానే పెదవి విరిచాడు.

సేల్స్‌మన్ మెత్తలు మార్చాడు. రంగులు చూపించాడు. పదేళ్ల గ్యారంటీ అన్నాడు. చివరికి చేసేది లేక చల్లటి నీళ్లు తెచ్చిచ్చాడు. ఆవిడ గ్లాసు ఖాళీ చేసింది.

“నీళ్లు బావున్నాయి,” అంది.

ఇంతలో ఆవిడ ఫోను మోగింది. “లేవండి, మన నంబరు పిలుస్తున్నారట!”

“నంబరేంటి పిన్నిగారూ?”

“పక్కన మోకాళ్ల డాక్టరు దగ్గర. కూర్చుందామంటే అక్కడ ఒక్క కుర్చీ లేదు. మూడు గంటలు నిలబడటం మా వల్లవుతుందా? నీ సోఫాలకేం నాయనా, మహారాజుల్లా ఉన్నాయి. బావుందంటే కొనమంటావని భయం!”

సేల్స్‌మన్ చుట్టూ చూశాడు. సోఫా సోఫాకీ ఒకరు పెదవి విరుస్తున్నారు. అందరి చేతుల్లోనూ డాక్టరు చీటీలే.

కోపం రావాల్సింది పోయి అతనికి ప్రాణం లేచొచ్చింది. కేటలాగు చంకలో పెట్టుకుని పక్కకి పరుగెత్తాడు. క్లినిక్‌లో పేషెంట్లు గోడలు పట్టుకుని నిలబడి ఉన్నారు.

“మేడమ్, పాతిక కుర్చీలు! సాయంత్రానికల్లా వేయించేస్తాను.”

నంబర్లు పిలిచే అమ్మాయి కేటలాగు వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

“ఏ షాపండీ మీది?”

“పక్కదే మేడమ్.”

“అయితే మీకు తెలీదా? మా డాక్టరుగారింటికి సోఫా సెట్టు ఊరికే పంపి, ఇక్కడున్న కుర్చీలన్నీ మేడమీద పెట్టి తాళం వేయించింది మీ ఓనరే!”