బంద్ కోసం అర్జీ

"ఈ పొద్దు మాదిరే రేపూ ఎల్లుండీ గూడా బంద్ పెట్టించు కొమురయ్యా, నీకు పుణ్యముంటాది," అన్నాడు ఆంజనేయులు, కంపెనీ గేటు ముందు కారు దిగుతూనే.

తెలంగాణ ఉద్యమంలో తిరిగే గేటు కాపలాదారు కొమురయ్య నోరెళ్లబెట్టాడు. "మీరు కడపోళ్లు గద సార్! బంద్ మాటెత్తితేనే ఒంటికాలి మీద లేస్తుంటిరి?"

"అదంతా పక్కన పెట్టు. ఇది చూడు." ఆంజనేయులు గ్రాఫు కాగితం విప్పాడు. "బండ్లు తిరిగే రోజు మా టీములో సగంమందికి దగ్గు, తలనొప్పి. చేసిన పనంతా తప్పులే. బంద్ నాడు నడిచొచ్చే పదిమందే ముప్పైమంది పని చేస్తాండారు! పొగలోని సన్న దుమ్ము కంటికి కనపడదు గానీ, ఊపిరితిత్తుల్లో దూరి మనిషిని మొద్దుబారుస్తాదంట. అర్జీ రాసుకొచ్చినా, మీ నాయకులకిచ్చేయ్."

"గాలి కోసం బంద్ అంటే మావోళ్లు నవ్వుతరు సార్," అంటూ కొమురయ్య దగ్గాడు. ఆగి, మళ్లీ దగ్గాడు.

"చూసినావా? నీక్కూడా బంద్ కావాల!" ఆంజనేయులు మురిసిపోయాడు.

"పొద్దుగాల సంది మంచిగనే ఉన్న సార్. మీరొచ్చినంకనే షురువైంది."

ఆంజనేయులు రోడ్డుకు అటూ ఇటూ చూశాడు. కొండాపూర్ వైపు ఒక్క బండి కూడా లేదు. కొమురయ్య పక్కనే, దారిలో ఎవరూ ఆపకుండా అద్దానికి 'జై తెలంగాణ' కాగితం అంటించుకొచ్చిన తన కారు ఉంది. సారు మళ్లీ ఎక్కేసరికి లోపల చల్లగా ఉండాలని, డ్రైవరు ఇంజను ఆపనే లేదు.