గాలి చొరని ఇల్లు

మినియాపోలిస్‌లో వెండెల్ కొత్తగా కట్టించుకున్న ఇంటికి మూరెడు మందం గోడలు, మూడు పొరల కిటికీ అద్దాలు. ఎక్కడా సందు లేకపోతే చలికాలం వెచ్చదనం బయటికి పోదు. అలాంటి ఇళ్ళలో సందులు వెతకడం మారిట్ ఉద్యోగం. చీకటి పడ్డాక వచ్చి, వీధి తలుపుకి పెద్ద ఫ్యాను బిగించి, లోపలి గాలి బయటికి లాగుతూ ఎక్కడైనా గాలి చొరబడుతోందేమో పరీక్ష చేసింది. ఇల్లు నెగ్గింది.

ఫ్యాను ఆపేశాక, ఎందుకైనా మంచిదని వెండెల్‌తో కలిసి మేడమీద అతని పసిపాప గదికి వెళ్ళి పొగపుల్ల వెలిగించింది. గాలి కదలని గదిలో పొగ నిటారుగా లేవాలి. అది గోడవైపు వంగింది. కాసేపటికి వెనక్కి వచ్చింది. మళ్ళీ గోడవైపు వెళ్ళింది.

"ఏంటండీ, నా ఇల్లు గానీ ఊపిరి పీలుస్తోందా?" అని నవ్వాడు వెండెల్.

"మన ఊపిరే అయ్యుంటుంది. కాసేపు బిగబట్టండి."

ఇద్దరూ బిగబట్టారు. పొగ మాత్రం వెళ్తూ వస్తూనే ఉంది. మారిట్ గోడమీద అరచెయ్యి ఆనించి, చటుక్కున తీసేసింది.

"వెచ్చగా ఉంది. హీటరు వేశారా?"

"ఇంకా బిగించనే లేదు."

అంతలో కింద వంటింట్లో పాప ఏడ్చింది. పొగ ఉన్నచోటే నిటారుగా ఆగిపోయింది, ఎవరో చెవి ఒగ్గి వింటున్నట్టు.

"వెండెల్, దీనికి నిద్రొస్తోంది! పైకి తెస్తున్నా, గది సర్దు!" అని అతని భార్య ఇనెజ్ కేకేసింది.

"రావద్దని చెప్పండి," అంది మారిట్ గుసగుసగా.

వెండెల్ గుమ్మంవైపు ఉరికాడు. మెట్లమీద ఇనెజ్ అడుగులు దగ్గరవుతున్నాయి.