ఆటకి వెళ్తున్నా

“మీ హ్యాండిక్యాప్ ఎంత సార్?” అనడిగింది ట్రావెల్ ఆఫీసు అమ్మాయి, కంప్యూటర్ మీంచి తలెత్తకుండానే.

ఎదుటి కుర్చీలో పెద్దాయన ఇబ్బందిగా కదిలాడు. ఆ మాట తెలియక కాదు. గోల్ఫ్‌లో ఆటగాడి స్థాయి చెప్పే అంకె అది, ఎంత తక్కువైతే అంత మొనగాడు. ఎందరో పెద్దమనుషుల అంకెలు ఈయనకి ఇప్పటికీ నోటికొచ్చు. తనకే ఏ అంకే లేదు.

“పద్దెనిమిది,” అన్నాడు. అబద్ధమాడినా అతికినట్టుండాలి కదా.

పక్క కుర్చీలో కూతురు రంగుల పుస్తకం తిరగేస్తోంది. పేజీ పేజీకీ సముద్రం, అంచున పచ్చటి మైదానం. “అంకెలు పట్టించుకోని చోట్లే చూడండి,” అంది. “కానీ ఈ ఏడో గుంత ఉందే, బంతిని నీళ్ల మీంచి దాటించాలే, అది మాత్రం ఉండి తీరాలి. మా నాన్న దాని గురించి ఎన్ని కథలు చెప్పేవారో. గాలి ఎదురొస్తే ఇంకాస్త పొడుగు కర్ర తీసుకోవాలట. కదా నాన్నా?”

“ఆఁ,” అన్నాడాయన నేలచూపులు చూస్తూ.

కథలు చెప్పిన మాట నిజమే. కాకపోతే అవి ఈయనవి కావు. వారమంతా ఒక ఆఫీసులో టైపు కొట్టేవాడు. ఆదివారం ఊరి గోల్ఫ్ క్లబ్బులో పెద్దమనుషుల కర్రల బ్యాగులు మోసేవాడు. కూతురి చదువు కోసం ఇరవై రెండేళ్లు మోశాడు. నడుస్తూ వాళ్లు సముద్రపు మైదానాల గొప్పలు చెప్పుకునేవారు. వాళ్లు కొట్టిన దెబ్బలన్నీ ఇంటికొచ్చేసరికి ఈయన కొట్టినవైపోయేవి.

మొదటి ఆదివారం నాలుగేళ్ల పిల్ల గుమ్మంలో అడ్డంగా నిలబడి, “ఎక్కడికి నాన్నా?” అంది. “ఆటకి వెళ్తున్నా తల్లీ,” అన్నాడు. ఆడటానికి అనలేదు, ఆటకి అన్నాడంతే. పిల్ల ఆడటానికే అనుకుంది. దిద్దడానికి నోరు రాలేదు. అసలు సంగతి తెలిసిన ఒకే ఒక్క మనిషి భార్య. ఆవిడ పోయి నాలుగేళ్లయింది, గుట్టు కూడా ఆవిడతోనే పోయిందని ఈయన ధైర్యం. కూతురికి పెద్ద ఉద్యోగం వచ్చి, “నాన్నా, ఆ మైదానాలన్నీ ఒక చుట్టు చుట్టొద్దాం,” అనేదాకా ఆ ధైర్యం బాగానే పనిచేసింది.

“కర్రల బ్యాగుకి బ్యాటరీ బండి పెట్టమంటారా? సార్‌కి భుజం నొప్పి అలాంటివేమైనా ఉన్నాయా?”

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఆయన చెయ్యి దానంతటదే పైకి పోయింది.

“ఎడమ భుజం,” అంది కూతురు. “మూడో క్లాసు నుంచి ప్రతి ఆదివారం నేనే నూనె రాసేదాన్ని.”

“అంత ఆడేవారా సార్?”

ఆయనకి ఎప్పుడూ గుర్తొచ్చేదే మళ్లీ గుర్తొచ్చింది. ఒకసారి బడివాళ్లు పిల్లల్ని మైదానం చూపించడానికి తీసుకొచ్చారు. ఈయన భుజాన బ్యాగుతో వస్తున్నాడు. వరసలో రెండు జడల కూతురు కనపడగానే టోపీ ముక్కుదాకా లాక్కుని మొహం తిప్పుకున్నాడు. పిల్ల పక్కనుంచే వెళ్లిపోయింది. బ్యాగు మోసినందుకు ఆయనెప్పుడూ సిగ్గుపడలేదు. కన్నకూతుర్ని చూసి మొహం దాచుకున్నందుకు మాత్రం పడని రోజు లేదు.

“అమ్మా, నీకో మాట చెప్పాలి,” అన్నాడు.

“ఉండు నాన్నా, కోచ్ సంగతి తేలనీ.” ఆఫీసు అమ్మాయి వైపు తిరిగింది. “మొదటి మూడు రోజులు కోచ్ కావాలండీ. కర్ర పట్టుకోవడం దగ్గర్నుంచి నేర్పాలి. విసుక్కోని మనిషైతే బాగుంటుంది.”

“తప్పకుండా మేడమ్. మరి బండి?”

“బండి తీసుకుందాం తల్లీ,” అన్నాడాయన గబగబా. “ఎవరో పాపం మోయడమెందుకు?”

“బండొద్దు నాన్నా. మనిషే మోయాలి.”

ఆయన బిత్తరపోయాడు. ఇంత కటువుగా మాట్లాడటం ఈ పిల్లకి ఎక్కడ అబ్బింది? ఎక్కడో ఏమిటి, తన దగ్గరే. బరువు మోసేవాడికి కూడా ఇల్లూ వాకిలీ పిల్లా ఉంటారని తనే కదా చెప్పకుండా దాచాడు. పరువు కోసం ఆడిన అబద్ధం పిల్ల మనసునే మొద్దుబార్చిందనిపించింది. భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. ఇంక ఆగలేకపోయాడు.

“నేను చెప్పేది విను. ఆ ఆదివారాలు నేను...” అన్నాడు.

కూతురు ఆయన వైపు చూడలేదు. అప్పటిదాకా నింపుతున్న కాగితాన్ని ఆయన ముందుకు జరిపింది. “ముందు ఇది చదివి సంతకం పెట్టు. తరవాత నువ్వేం చెప్పినా వింటా.”

ఆయన జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాడు. హోటల్, తేదీలు, సముద్రం వైపు గదులు రెండు. ఆడేవారు: ఒక్కరు. ఒక్కరేమిటి? ఆ ఒక్కరి పేరు తనదే. కోచ్ ఎవరికి అన్నచోటా తన పేరే. మరి ఈ పిల్ల అక్కడ ఏం చేస్తుంది?

పాత అలవాటు కొద్దీ చూపు అడుగు వరసకి జారింది, బ్యాగు మోసే అభాగ్యుడెవడో చూద్దామని.

అక్కడ కూతురి పేరు ఉంది.