ఎవరైనా ఉన్నారా?

"తాతగారూ, సీట్లకంటే టికెట్లు ఎక్కువ అమ్మేశారు. ఇక్కడ సంతకం పెడితే తర్వాతి విమానంలో పంపిస్తాం," అంది గేటు దగ్గరి ఉద్యోగిని.

పెద్దాయన కాగితం చదివాడు. "నా ఇష్టంతోనే ఆగిపోతున్నానని రాసుందేంటమ్మా? ముందు మైకులో అందరినీ అడగాలి కదా, ఎవరైనా ఆగుతారేమోనని?"

అడగాలి. ఆలస్యమవుతుందని, నోట్లో నాలుక లేనివాడిలా కనిపించిన ఈయన్ని ఏరుకుంది.

"టైము లేదండీ."

ఆయన చెమటలు పట్టి కుర్చీలో కూలబడ్డాడు. "పోనీ, నా బ్యాగు ఇప్పించు తల్లీ. గుండె మాత్రలు అందులోనే ఉన్నాయి."

లోపల చోటు లేదని ఇందాక ఆ బ్యాగు లాక్కుని సామాన్లలో వేయించింది తనే. అద్దాల అవతల విమానం కదిలిపోతోంది.

ఆమె మైకు అందుకుంది. "ఇక్కడ డాక్టరెవరైనా ఉన్నారా?"

పావుగంట క్రితం కిక్కిరిసి ఉన్న హాల్లో ఖాళీ కుర్చీలు తప్ప ఎవరూ మిగల్లేదు.